చెరువు శిఖము: ఉత్తర తెలంగాణమున జలాశయ తీర రక్షణ నియమములు

చెరువు నిండినపుడు నీటిక్రింద మునిగియుండి, నీరు దిగినకొలదిని బయల్పడు భూమిని తెలంగాణపు రెవిన్యూ పరిభాషలో శిఖము అందురు. పారసీక భాషలో 'శికమ్' అనగా కడుపు. నిజాము కాలపు దఫ్తరములనుండి ఈ మాట పల్లెల నోట పడి, ఒత్తక్షరమును చేర్చుకొని, శిఖమై స్థిరపడినది. పేరు పెట్టినవారు భూమిని చూచి గాక చెరువును చూచి పేరు పెట్టిరనుట దీనివలన తెలియుచున్నది. వైశాఖమాసమున ఎండి నెఱ్ఱెలు వాఱిన ఆ నేల, దారిన పోవువానికి బీడువలె తోచవచ్చును గాని, అది వానలకై ఎదురుచూచుచు ఖాళీగానున్న కడుపే గాని ఎవరికిని అక్కఱలేని భూమి కాదు. 2016 అక్టోబరు 11వ తేదీని పునర్విభజన చెందకపూర్వము కరీంనగరము, ఆదిలాబాదు అను పేర్లతో రెండు పెద్ద జిల్లాలుగా నుండి, నేడు ప్రధానముగా కరీంనగరము, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, ఆదిలాబాదు, నిర్మలు, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాదు అను ఎనిమిది జిల్లాలైన ఈ సీమలో, చెరువు అంచున ఇల్లు కట్టవచ్చునా, కట్టినచో నీటికెంత దూరమున కట్టవలెను, ఆ దూరమును ఎవరు కొలువవలెను, కొలిచిన రేఖను మాస్టర్ ప్లానులో ఏ రంగుతో చూపవలెను అను ప్రశ్నలన్నియు ఈ ఒక్క మాటచుట్టును తిరుగుచుండును.

చెరువుల గొలుసు

గోదావరికి దక్షిణమున కరీంనగరపు నేల చాలవఱకు గ్రానైటు గుట్టలతోను, వాటి నడుమ పల్లములతోను ఒడుదొడుకులుగా నుండును. ఉత్తరమున ఆదిలాబాదు పీఠభూమిపై నల్లరేగడియు, సాతమాల కొండల వాలున అడవియు విస్తరించియున్నవి. రెండుచోట్లను వర్షము చాలవఱకు జ్యేష్ఠము మొదలు భాద్రపదము వఱకు నాలుగు మాసములలోనే కురియును. రాతినేల నీటిని త్వరగా పీల్చుకొనదు. కురిసిన నీరు పల్లమునకు పరుగెత్తును. ఆ పరుగునకు అడ్డముగా ఒక కట్ట వేసి, దానికి తూము పెట్టి, మిగులునీరు పొర్లిపోవుటకు ఒక ప్రక్క మత్తడి కట్టి, ఆ మత్తడి దూకిన నీరు వృథాగా పోనీయక దిగువనున్న మఱియొక చెరువులోనికి మలపుట ఈ ప్రాంతపు ప్రాచీన జలవిద్య. ఒక చెరువు మత్తడి మఱియొక చెరువునకు కట్టుకాలువ యగును. ఇట్లు ఒకదానికొకటి ముడివడిన చెరువులను గొలుసుకట్టు చెరువులు అందురు.

చెరువు త్రవ్వించుటను సప్తసంతానములలో ఒకటిగా ఎన్నిన జాతి మనది. కాకతీయుల ఏలుబడిలో ఓరుగల్లు ప్రాంతమున రామప్ప, లక్నవరము, పాకాల వంటి మహాతటాకములు వెలసినవి. వాటి పేర్లు లోకప్రసిద్ధములు. కాని తెలంగాణపు జలసంపద యంతయు ఆ పెద్ద పేర్లలో లేదు, పేరు కూడ సరిగా లేని కుంటలలో నున్నది. 2015 మార్చి 12వ తేదీని నాటి నిజామాబాదు జిల్లా సదాశివనగరమున ప్రారంభమైన చెరువుల పునరుద్ధరణ పథకము మిషన్ కాకతీయ సందర్భమున రాష్ట్రమంతట లెక్కించిన చెరువులు, కుంటలు కలసి 46 వేలకు పైబడినవి. వాటిలో అత్యధిక సంఖ్య చిన్నవే. నియమములను గూర్చి ముందు చెప్పబోవు విమర్శకు ఈ సంఖ్యయే మూలము కనుక దీనిని మనసున నుంచుకొనవలెను.

గొలుసుకట్టునకు కన్నులయెదుట నిలిచిన ఉదాహరణము నిర్మలు పట్టణము. నిమ్మనాయుడు కట్టించెనని ప్రసిద్ధి గాంచిన ఈ పట్టణము చుట్టును ధర్మసాగరము, కంచెరోని చెరువు, బంగల్‌పేట చెరువు మొదలగునవి కోటకు అగడ్తయు, పొలములకు నీరును, బావులకు ఊటయు తామేయై నిలిచినవి. కొయ్యబొమ్మలకు పేరొందిన ఊరునకు ఈ చెరువులు అంతకంటె పెద్ద ఆస్తి యనుట అతిశయోక్తి కాదు.

అంచు యొక్క స్వభావము

చెరువునకు అంచులు రెండు విధములు. కట్టవైపు అంచు నిలకడ గలది. నీరెక్కినను దిగినను కట్ట కదలదు. శిఖమువైపు అంచు చలించునది. అక్కడ నేల మిక్కిలి మెల్లగా పైకి లేచును గనుక, నీటిమట్టము ఒక అడుగు దిగినచో తీరరేఖ పదుల గజములు లోనికి జరుగును. ఆశ్వయుజములో బతుకమ్మను సాగనంపిన చోటునుండి ఫాల్గుణములో నీటిని చేరుటకు చాల దూరము నడువవలసియుండును. ఈ రెండు రేఖల నడుమ భూమి ఎవరిది అను ప్రశ్నకు మన పూర్వులు ఒకే సమాధానము చెప్పలేదు: కార్తికము వఱకు అది చేపలది, గంగపుత్రులది, ముదిరాజులది, మాఘము మొదలు ఒండ్రుమట్టిలో దోసయు, పుచ్చయు, పెసలును చల్లుకొను రైతుది, గడ్డి మేయు పశువులది, జ్యేష్ఠమున పూడిక తీసి పొలమునకు తోలుకొను బండివానిది. సర్కారీ శిఖమైనను పట్టా శిఖమైనను ఈ వరుస ఒకటియే. పట్టా గలవాడు నీరు దిగినపుడు దున్నుకొనవచ్చును గాని, నీరు రాకుండ చేయుటకు అతనికి హక్కు లేదు. హక్కును భూమిని బట్టి గాక ఋతువును బట్టి పంచిన ఈ ఏర్పాటులోని సూక్ష్మత నేటి నియమములలో కానరాదని చెప్పక తప్పదు.

తీరమున పెరుగు తుంగ, జమ్ము, నాచు కేవలము కలుపు కావు. పైనుండి వాననీటితో కొట్టుకొనివచ్చు మట్టిని అవి ఆపును. పొలముల ఎరువులనుండియు ఊరి మురుగునుండియు వచ్చు భాస్వర నత్రజనులను పీల్చుకొనును. కొర్రమీను, ఈ ప్రాంతమున కొర్రమట్ట యందురు, ఆ కలుపుమొక్కల నడుమ లోతులేని నీటిలోనే గ్రుడ్లు పెట్టి, పిల్లలను కాచుకొనును. తీరమునకు రాతిగోడ కట్టి, లోపలి నేలను తవ్వి, చెరువును ఒక తొట్టివలె చేసినచో నీరు చూచుటకు నిండుగానే యుండునుగాని, ఆ చేపకు గూడు దొరకదు, మురుగు నేరుగా లోతునీటిలో కలియును, కొన్నియేండ్లకు గుఱ్ఱపుడెక్క పైనంతయు కమ్ముకొనును.

ఈ వ్యాసకర్త ఒక గ్రీష్మమున కరీంనగరము పొలిమేరలో చూచిన ఒక కుంట ఈ పరిణామమునకు చిత్తరువువలె నుండెను. కట్టమీద వేపచెట్టు క్రింద కట్టమైసమ్మ రాయికి పసుపు ఇంకను ఆరలేదు. కట్ట దిగువ వరికొయ్యలు ఎండుచుండెను. శిఖమువైపు, ఎగువ ఈతచెట్ల వరుస దాటి నీటివైపునకు, టిప్పర్లు తెచ్చి పోసిన మొరము ఎఱ్ఱగా, నడుము ఎత్తున, చదునుగా పరచియుండెను. దానిపై సున్నము పూసిన ప్లాటు రాళ్ళు చదరంగపు బల్లవలె వరుసలు తీరి, వాటిలో ముందు వరుస రాళ్ళు నాలుగు మొరము అంచు జారి నల్లమట్టిలోనికి ఒరిగియుండెను. ఆ నల్లమట్టిలో పుట్టి ఎండిన నత్తగుల్లలు కాలిక్రింద కరకరలాడుచుండగా, గేదెలను తోలుకొనివచ్చిన ముదుసలి యొకడు తన కఱ్ఱను ఈతచెట్టు మొదట ఆనించి, "గీడిదాకా నీళ్ళు నిలుస్తుండె బిడ్డా" అని చూపెను. కఱ్ఱ ఆనిన చోటునుండి కొలువగా ప్లాటు రాళ్ళు ఏబది అడుగులకు పైగా నీటివైపే యున్నవి. ఆ ముదుసలి చూపిన గుర్తు ఏ కాగితము మీదను లేదు. శాసనము ఎంత మంచిదైనను ఈ గుర్తు కాగితము మీదికి రానంతవఱకు నిష్ఫలమే యని నా అభిప్రాయము.

నేటి నియమములు

హైదరాబాదు రాజ్యమున 1317 ఫసలీ, అనగా 1907-08 నాటి, భూమి శిస్తు చట్టమునుండి చెరువులు సర్కారు సొత్తుగా పరిగణింపబడుచున్నవి. 2002లో వచ్చిన జల, భూమి, వృక్ష పరిరక్షణ చట్టము, వ్యవహారమున వాల్టా, చెరువులను ఆక్రమణలనుండి కాపాడుటకు అధికారులకు విశేషాధికారములిచ్చెను. అయితే పట్టణములలో గృహనిర్మాణమును నేరుగా శాసించునది 2012 ఏప్రిల్ 7వ తేదీని పురపాలక శాఖ జారీచేసిన 168వ జి.ఓ.; ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నియమావళి యని దీనికి పేరు; రాష్ట్ర విభజనానంతరము తెలంగాణమునను అమలులో నిలిచినది.

ఈ నియమావళి ప్రకారము పూర్తి నీటిమట్టపు పరిధిలో, అనగా ఎఫ్.టి.ఎల్. లోపల, ఏ కట్టడమునకును అనుమతి లేదు. ఆ పరిధికి వెలుపల, పది హెక్టారులు, అనగా సుమారు 25 ఎకరములు, లేక అంతకు మించిన చెరువునకు 30 మీటర్లు విడువవలెను. అంతకంటె చిన్న చెరువులకు, కుంటలకు, శిఖము భూములకు 9 మీటర్లు. పది మీటర్లకు మించిన వెడల్పు గల వాగు, కాలువ, నాలాలకు 9 మీటర్లు. అంతకంటె ఇఱుకైనవాటికి 2 మీటర్లు విడువవలెను. నదులకు పురపాలక సంఘముల పరిధిలో 50 మీటర్లు, వెలుపల 100 మీటర్లు. ఈ విడిచిన పట్టీని బఫర్ జోను అని వ్యవహరింతురు. చెరువు విస్తీర్ణమును, ఎఫ్.టి.ఎల్.ను నీటిపారుదల, రెవిన్యూ శాఖలు ధ్రువీకరింపవలెను.

మొదటి చూపునకు సమగ్రముగా తోచు ఈ పట్టికలో మూడు లోపములు గలవు. మొదటిది కొలత. 9 మీటర్లనగా ముప్పది అడుగులు, పట్టణమున ఒక సామాన్యపు వీధి వెడల్పు. మన చెరువులలో అత్యధికములు పది హెక్టారులకు లోబడినవే కనుక, పట్టికలో గంభీరముగా కనబడు 30 మీటర్ల రక్షణ లభించునవి కొలదియే. ఊరికి చేరువై, ప్లాటులవారి కన్నుపడు కుంటలన్నిటికిని ఒక వీధి వెడల్పే దిక్కు. కట్టుకాలువ పది మీటర్లకు లోపలిదైనచో దానికి దక్కునది ఆరున్నర అడుగులు మాత్రమే. గొలుసును కాపాడదలచినవాడు పూసలకంటె ముందు దారమును కాపాడవలెను గదా! ఈ నియమము దారమునే మిక్కిలి బలహీనముగా విడిచిపెట్టినది.

రెండవది, కొలత ఎక్కడనుండి ప్రారంభము కావలెనను విషయము. ఎఫ్.టి.ఎల్. మత్తడి శిఖరమును బట్టి నిర్ణయమగును. మత్తడిని ఒక అడుగు కొట్టివేసినను, తూము పగులగొట్టి నీటిని నిలువనీయకపోయినను, రెండు మూడేండ్లలో తీరరేఖ లోనికి జరిగి, నిన్నటి శిఖము నేటి పొడినేలగా చూపుటకు వీలు కలుగును. నియమావళి నీటి అంచునుండి దూరమును చెప్పినదే గాని, ఏ సంవత్సరపు నీటి అంచు ప్రమాణమో చెప్పలేదు. రాజస్థాన్ ఉన్నత న్యాయస్థానము 2004లో అబ్దుల్ రహమాన్ వ్యాజ్యమున జలాశయముల పరీవాహక ప్రాంతములను 1947 ఆగస్టు 15 నాటి స్థితికి పునరుద్ధరింపవలెనని ఆదేశించినది. అట్టి ప్రమాణ దినమొకటి మనకును అవసరము. సేత్వారు, టీపను, గ్రామ నక్షా, 1954-55 నాటి ఖాస్రా పహాణీ అను పాత సర్వే, రెవిన్యూ దస్తావేజులు మనకు గలవు. వాటిలోని శిఖము విస్తీర్ణమును ప్రాతిపదికగా గైకొన్నచో మత్తడి విరుగగొట్టిన లాభము ఎవరికిని మిగులదు.

మూడవది కాలము. 2020 నాటి టి.ఎస్.బి-పాస్ చట్టము సామాన్య గృహస్థునకు మేలు చేసినదనుటలో సందేహము లేదు. 75 చదరపు గజముల లోపు స్థలమున చిన్న ఇంటికి అనుమతియే అక్కఱలేదు, 600 చదరపు గజములవఱకు పది మీటర్ల ఎత్తులోపు ఇంటికి స్వీయ ధ్రువీకరణముతో తక్షణ అనుమతి లభించును. కార్యాలయముల చుట్టు తిరుగు బాధ తగ్గినది. కాని అనుమతి ముందును పరిశీలన తరువాతను జరుగు పద్ధతిలో, చెరువు హద్దులు ఆ వ్యవస్థలో ముందే నిక్షిప్తమై యుండనిచో, యజమాని తెలియకయే బఫరులో పునాది వేయును. తెలిసి అమ్మినవాడు అప్పటికే సొమ్ముతో వెడలిపోయియుండును. స్లాబు పడిన పిదప కూల్చుట చట్టరీత్యా న్యాయమే కావచ్చును, ఆ ఇంటి ఇల్లాలి కన్నీరు మాత్రము అబద్ధము కాదు.

కేంద్ర ప్రభుత్వము 2017 సెప్టెంబరులో ప్రకటించిన చిత్తడినేలల నియమములు ప్రకటిత చిత్తడినేలకు పదేండ్ల సగటు అత్యధిక వరదమట్టమునుండి 50 మీటర్లలోపు శాశ్వత నిర్మాణమును నిషేధించినవి. మన 9 మీటర్లతో పోల్చిన ఇది ఎంతో మేలు. అయితే ఆ నియమములే నీటిపారుదలకును త్రాగునీటికిని మానవులు నిర్మించిన తటాకములను తమ పరిధినుండి మినహాయించినవి. తెలంగాణపు చెరువులు దాదాపు అన్నియు మనుష్యులు కట్టినవే, సేద్యమునకు కట్టినవే. కనుక వేయేండ్ల చెరువు కూడ, కొంగలు వ్రాలినను తామరలు పూచినను, ఆ నియమముల దృష్టిలో చిత్తడినేల కాదు. ఈ భారమంతయు తిరిగి స్థానిక నియమముల మీదనే పడుచున్నది.

నీరు దారి వెదకికొన్న సందర్భములు

2021 జులైలో భారీ వర్షములకు నిర్మలులో చెరువులు పొంగి, పట్టణములోని జి.ఎన్.ఆర్. కాలనీ నీట మునుగగా, నివాసులను పడవలమీద దాటింపవలసివచ్చెను. అదే సంవత్సరము సెప్టెంబరు 7వ తేదీని సిరిసిల్ల వీధులలో మోకాలు దాటి నీరు ప్రవహించెను. మగ్గముల ఊరున ఇండ్లలోనే సాంచెలు నడుపుకొను శ్రామికునకు ఇంటిలో నీరు చేరుట యనగా ఇల్లును బ్రతుకుతెరువును ఒక్కసారి మునుగుటయే. 2022 జులైలో గోదావరి ఉప్పొంగి మంచిర్యాల లోతట్టు కాలనీలను ముంచినపుడు, నది ఒడ్డున కట్టిన మాతాశిశు ఆసుపత్రినుండి బాలింతలను, పసికందులను వేరొకచోటికి తరలింపవలసివచ్చెను. కురిసిన వాన అసాధారణమైనదే. కాని అసాధారణపు వాన కురిసినపుడు ఆ నీరు పోవుటకును నిలుచుటకునే మత్తడికి దిగువ దారియు, శిఖమునకు వెడల్పును పూర్వులు విడిచిరి.

కరీంనగరము స్థితి కొంత భిన్నము. మానేరు నదిపై నిర్మింపబడి 1985లో వాడుకకు వచ్చిన దిగువ మానేరు జలాశయము 24 టి.ఎం.సి.ల నీటిని నిలుపునది. దాని పూర్తి నీటిమట్టము 920 అడుగులు. ఊరి అంచుననే ఇంత నీరుండుట తెలంగాణ పట్టణములలో అరుదు. 2005లో నగరపాలక సంస్థయై, 2017లో స్మార్ట్ సిటీల జాబితాలో చేరి, శాతవాహన పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలోనికి చుట్టుపట్ల గ్రామములతోగూడ వచ్చిన కరీంనగరమునకు, 2023లో మానేరుపై తీగల వంతెన తెరువబడిన పిదప నీటి అంచు భూమికి విలువ పెరిగినది. నీటిని చూచుచు నివసింపవలెనను కోరిక మనుష్యునకు సహజము. ఆ కోరికయే తీరమునకు మొదటి శత్రువగుట జలాశయములున్న ప్రతి నగరమునను కనబడుచున్నది.

మిషన్ కాకతీయ క్రింద శాసనసభా నియోజకవర్గమునకు ఒకటి చొప్పున చెరువు కట్టలను మినీ ట్యాంకుబండులుగా తీర్చిదిద్దిరి. పూడిక తీతవలన రైతునకును భూగర్భజలమునకును కలిగిన మేలు గొప్పది, దానిని తక్కువచేయుట న్యాయము కాదు. సాయంకాలము కట్టమీద ముదుసలులు నడచుచు, పిల్లలు ఆడుకొనుచు నుండగా చూచుట నాకును సంతోషమే. కాని చెరువునకు ముఖము కట్టవైపు ఉన్నను ప్రాణము శిఖమువైపు ఉన్నది. దీపములు, బెంచీలు, విగ్రహములు కట్టమీద వెలసినచోట ఆవలి ఒడ్డున హద్దురాయి యైనను లేకుండుట అనేకచోట్ల చూచితిని.

అన్యత్ర అనుభవము

మన రాష్ట్రముననే ఉత్తమోదాహరణము 1996 మార్చి 8వ తేదీ నాటి 111వ జి.ఓ. 1908 మూసీ వరదల పిదప నిర్మితములైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల చుట్టును పది కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామములయందు నిర్మాణములను అది కఠినముగా పరిమితము చేసెను. తీరమును పట్టీగా గాక పరీవాహక ప్రాంతముగా చూచిన నియమమిది. 2000 సంవత్సరమున సర్వోన్నత న్యాయస్థానము దీని స్ఫూర్తిని సమర్థించెను. 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వము దీని నిర్బంధములను సడలించినది. శాసనసభ చేసిన చట్టము కాక కార్యనిర్వాహక ఉత్తర్వగుటచే మఱియొక ఉత్తర్వుతో సడలుట సాధ్యమైనదని గమనింపవలెను. ఆక్రమణలనుండి చెరువులను కాపాడుటకై 2024 జులైలో ఏర్పడిన హైడ్రా సంస్థ హైదరాబాదు బాహ్యవలయ రహదారి వఱకే పరిమితము. కరీంనగర, ఆదిలాబాదు చెరువులు దాని పరిధిలోనివి కావు.

బెంగుళూరు అనుభవము మఱింత ఆలోచింపదగినది. 2016 మేలో జాతీయ హరిత ధర్మాసనము అచటి చెరువుల బఫరును 75 మీటర్లకు పెంచుచు ఆదేశింపగా, 2019 మార్చి 5వ తేదీని సర్వోన్నత న్యాయస్థానము ఆ భాగమును కొట్టివేసినది. మాస్టర్ ప్లానులో చట్టబద్ధముగా నిర్ణయమైన జోను నియమమును ధర్మాసనము మార్చజాలదని దాని తాత్పర్యము. అనగా బఫరును పెంచదలచినచో న్యాయస్థానము మెట్లెక్కుటకంటె ముందు పట్టణాభివృద్ధి సంస్థ గుమ్మమెక్కవలెను. మన ప్రాంతమున 1975 నాటి పట్టణాభివృద్ధి చట్టము ప్రకారము మాస్టర్ ప్లానును సవరించు అధికారము గలదు; సవరణను ప్రకటించి, అభ్యంతరములు స్వీకరించి, తుదిరూపము నీయవలెను.

సముద్రముల ఆవల, అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రము 1966లోనే సరస్తీర జోను చట్టము చేసినది. సరస్సునుండి వేయి అడుగుల భూమిని తీరమండలముగా పరిగణించి, అందు కట్టడమును నీటికి 75 అడుగుల ఎడమున నుంచవలెనని కౌంటీలను నిర్బంధించెను. వేయి అడుగులలోను ఒకే కట్టుబాటు లేదు; నీటికి దగ్గరైనకొలది బిగువు హెచ్చును. ఒక యజమాని తన చిత్తడినేలను అనుమతి లేక ఇసుకతో పూడ్చగా, మారినెట్ కౌంటీ వ్యాజ్యమున ఆ రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానము 1972లో తీర్పు చెప్పుచు, భూమి సహజస్వభావమును ఇతరులకు హాని కలుగునట్లు మార్చు హక్కు యజమానికి లేదని నిర్ణయించెను. మన శిఖము పట్టాలోని ధర్మమునే వారు న్యాయసూత్రముగా చెప్పిరనుట నాకు ఆశ్చర్యమును ఆనందమును కలిగించినది.

సవరింపవలసినవి

ముప్పదియు తొమ్మిదియు అను రెండు సంఖ్యల స్థానమున, శిఖము, తీరపు పట్టీ, కట్టుకాలువలతోగూడిన ఎగువ నేల అను మూడంతస్తుల నియమము ఈ సీమకు తగియుండునని తోచుచున్నది. శిఖమున దున్నుట, మేపుట, చేపలు పట్టుట, పూడిక తీయుట తప్ప వేఱొండు కూడదు. మొరము పోయుటను కట్టడముతో సమానమైన నేరముగా ఎంచవలెను, ఏలనన చెరువు చచ్చుట ఇటుకతో గాక మొరముతోనే ప్రారంభమగును. తీరపు పట్టీని విస్తీర్ణమును బట్టి గాక నేల వాలును బట్టి నిర్ణయించినచో, చదునైన శిఖము గల చిన్న కుంటకును తగిన వెడల్పు దక్కును. ఎగువ నేలలో ఇండ్లు కట్టుకొనవచ్చును గాని, కట్టుకాలువ మూయరాదు, దాని వెడల్పు తగ్గింపరాదు, మురుగు శుద్ధి కాక దిగువకు పోరాదు. వెంచరు అనుమతికి ముందు ఆ సర్వే నంబరులోని ఒఱ్ఱెలను, కాలువలను పాత నక్షాతో సరిచూచుట తప్పనిసరి కావలెను.

ఇట్టి నియమము రైతును బాధింపరాదు. 2023 జనవరిలో జగిత్యాలయందును, పొరుగుననే యున్న కామారెడ్డియందును మాస్టర్ ప్లాను ముసాయిదాలలో తమ పొలములు వివిధ జోన్లలో పడినవని తెలిసి రైతులు రోడ్లమీదికి వచ్చిరి. పురపాలక సంఘములు ఆ ముసాయిదాలను వెనుకకు తీసుకొనవలెనని తీర్మానించెను. నిర్మలులోను అదే యేడు మాస్టర్ ప్లానుపై ఆందోళన రేగెను. రంగు పూసిన పటము వెలువడిన పిదప తన పొలము ఏ రంగున పడినదో తెలిసికొను రైతునకు కలుగు భయము అకారణము కాదు. బిడ్డ పెండ్లికో చదువుకో ఆ ఎకరమునే నమ్ముకొన్నవానిని ప్రకృతి పేర శిక్షించుట అన్యాయము. పట్టా శిఖము గలవానికి ఋతుసేద్యపు హక్కును లిఖితపూర్వకముగా స్థిరపఱచి, తీరపు పట్టీలో భూమి గలవానికి రహదారుల విస్తరణమున ఇచ్చునట్లే బదిలీ చేయదగిన అభివృద్ధి హక్కు నొసగి, గ్రామసభలో పటమును పఱచి మాటాడిన పిమ్మట నియమము చేసినచో, ఆ రైతే చెరువునకు కావలి కాగలడు.

ఆదిలాబాదు ఏజెన్సీలో, ఉట్నూరు, ఇంద్రవెల్లి, జైనూరు వంటి మండలములలో, ఈ పని కొంత సులభము. 1996 నాటి పెసా చట్టము షెడ్యూల్డు ప్రాంతములలోని చిన్న జలవనరుల ప్రణాళికను, నిర్వహణమును తగిన స్థాయి పంచాయతీలకు అప్పగించినది. 1970 నాటి ఒకటవ రెగ్యులేషను గిరిజనేతరులకు భూమి బదిలీని నిషేధించుటచే ప్లాటుల వ్యాపారమునకు అక్కడ చోటు తక్కువ. జల్, జంగల్, జమీన్ అని కుమురం భీము పేర నిలిచిన నినాదమున జలము మొదటి మాట. గోండు గూడెముల పంచాయతీలు తమ కుంటల శిఖమునకు తామే నియమము వ్రాసికొను అధికారమును వాడుకొన్నచో, మైదానపు పట్టణములకు అదియే ముసాయిదా కాగలదు.

అన్నిటికిని ముందు చేయవలసినది హద్దు నిర్ణయము. హైదరాబాదు మహానగర పరిధిలో 2010లో చెరువుల పరిరక్షణ సంఘమును ఏర్పఱచినను, పదునాలుగేండ్లకు తుది ప్రకటన వెలువడిన చెరువులు కొలదియే. జిల్లాలలో ఈ పని ఇంకను వెనుకబడియున్నది. పని స్వయముగా కష్టమైనది కాదు. మత్తడి శిఖరముమీద లెవెలు యంత్రమును ఆనించి, ఆ మట్టమును చెరువు చుట్టును మోసికొని పోవుచు, నీరు తాకవలసిన ప్రతి బిందువునను ఒక రాయి పాతుటయే. ఇంజనీరు యంత్రమున చూచుచుండగా, సర్వేయరు టీపను విప్పి గొలుసు సాచుచుండగా, వారికి ముందు నడువవలసినవాడు ఊరి చెరువు నీటిని పొలములకు పంచు నీరడి. ఏ ఏటి వానకు నీరెక్కడివఱకు వచ్చెనో, ఏ ఈతచెట్టు మొదలు తడిసెనో, ఏ బండకు నాచు పట్టెనో అతనికి తెలియును. అతని తండ్రి చూపిన గుర్తులు, యంత్రము చూపు రేఖ ఒకచోట కలిసిన దినమున పాతిన రాయికి ఎఱ్ఱరంగు పూసి, సంఖ్య చెక్కి, ఆ సంఖ్యలు గల పటమును పంచాయతీ గోడమీద, సబ్-రిజిస్ట్రారు కచేరీలో, భవన అనుమతుల యంత్రములో ఒకేసారి నమోదు చేయవలెను. నీరడులు వృద్ధులగుచున్నారు, వారి కొడుకులు చాలమంది దుబాయిలో, మస్కటులో నున్నారు. ఆ గుర్తులు చూపగలవారు బ్రతికియుండగనే, రాబోవు వేసవిలో నీరు దిగినపుడు, ఈ నడక ప్రారంభము కావలెను.